చిట్టి కణం బరువెంత?

గోదారి నీళ్లలోనే ఉంటుంది, కానీ కంటికి తెలియదు. చూడ్డానికి మామూలు నీళ్లే, తూకం వేస్తే మాత్రం బరువు. ఆ నీటిని వడగట్టి తీసే కర్మాగారం భద్రాచలం అడవి అంచునే ఉంది. ఆ బరువు నీళ్ల అసలు సరుకు పేరు బరువు హైడ్రోజన్. దానికో చెల్లెలుంది. ఆ చెల్లెలిని ముందు పెట్టుకుని శాస్త్రవేత్తలు బరువున్న కణాలన్నిటిలోకీ తేలికైనదాన్ని తూచాలని చూస్తున్నారు. ఈ తూకం కథలో ఇద్దరు ఆడవాళ్ల ఓపిక చాలా ఉంది.

మణుగూరు నుంచి భద్రాచలం వైపు వచ్చే బస్సులో అశ్వాపురం రాగానే కొత్తవాళ్లెవరైనా ఉంటే ఇట్టే తెలిసిపోతారు. కిటికీలోంచి తల బయటపెట్టి ఆ పొడుగాటి గోపురాలవైపే చూస్తుంటారు. “అదేంటండీ?” అంటే, “అణు ఫ్యాక్టరీ” అని పక్క సీటావిడ చెబుతుంది. వెనక సీట్లోంచి ఇంకో గొంతు, “రేడియేషన్ ఉంటుందట, ఆ గాలి తగిలితే పిల్లలకు మంచిది కాదట” అని అందుకుంటుంది. ఈ మాట ఆ చుట్టుపక్కల చాలామంది నోట వినబడేదే.

ఇంతకీ అక్కడ తయారయ్యేది భారజలం. హెవీవాటర్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. గౌతమీనగర్ టౌన్‌షిప్ పక్కన ఉన్న ఈ కర్మాగారం 1991లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పుడది ఖమ్మం జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక భద్రాద్రి కొత్తగూడెంలోకి వచ్చింది. నీళ్లు గోదావరివి, బొగ్గు సింగరేణిది. ఏడాదికి 185 టన్నుల భారజలం తీయగలిగేలా దీన్ని కట్టారు.

భయపడాల్సింది దేనికి?

నీటి అణువులో రెండు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్ ఉంటాయని బళ్లో చదువుకున్నాం. ఆ హైడ్రోజన్ అంతా ఒకే రకం కాదు. ముగ్గురు అక్కచెల్లెళ్లనుకోండి. మామూలు హైడ్రోజన్ పెద్దది, అంతటా ఉండేది అదే. రెండోది డ్యుటీరియం. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ అదనంగా ఉండటం వల్ల దీని బరువు ఇంచుమించు రెట్టింపు. సుమారు 6,500 హైడ్రోజన్‌లలో ఒకటి ఇది ఉంటుంది. మన బావిలోనూ ఉంది, బిందెలోనూ ఉంది, కంట్లో నీళ్లలోనూ ఉంది. మూడోది ట్రిటియం. ఇది చాలా అరుదు, నిలకడ కూడా లేనిది. దాని సంగతి తర్వాత చూద్దాం.

రెండో రకం హైడ్రోజన్‌తో అయిన నీరే భారజలం. మామూలు నీళ్లు లీటరుకు కిలో తూగితే ఇది కిలోకి ఇంకో 100 గ్రాములు పైనే తూగుతుంది. దాన్ని గడ్డకట్టించి మామూలు నీళ్లలో వేస్తే తేలదు, మునుగుతుంది! 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మరిగేది 101.4 డిగ్రీల దగ్గర.

మామూలు నీళ్లలోంచి దీన్ని విడదీయడం బియ్యంలో రాళ్లేరినంత తేలిక కాదు. అశ్వాపురంలో చేసే పద్ధతి ఇది. గోపురాల్లో పైనుంచి నీళ్లు దిగుతుంటే కిందనుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు పైకి వెళుతుంటుంది. 30 డిగ్రీల ప్రాంతంలో చల్లగా ఉంచితే బరువు హైడ్రోజన్ గ్యాసును వదిలి నీళ్లలోకి చేరుతుంది. 130 డిగ్రీలకు వేడి చేస్తే నీళ్లను వదిలి గ్యాసులోకి పోతుంది. చల్లగోపురం, వేడిగోపురం, మళ్లీ చల్లగోపురం... ఇలా తిప్పితిప్పి చిక్కబరుస్తారు. చివర్లో బట్టీ పట్టి దాదాపు పూర్తి భారజలం చేస్తారు. వేలకొద్దీ కిలోల నీళ్లు దాటిస్తేగానీ ఒక్క కిలో చేతికి రాదు.

ఇందులో ఎక్కడా రేడియేషన్ లేదు. డ్యుటీరియం రేడియోధార్మిక పదార్థం కాదు. అక్కడ జాగ్రత్త పడాల్సింది ఆ గ్యాసు విషయంలో. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుందే, అదే హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెమే ఉంటే వాసనతో తెలిసిపోతుంది. ఎక్కువైతే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. “ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు లేదు, పోయిందిలే” అనుకోవడం అందుకే ప్రమాదం. అది గాలికంటే బరువు, పల్లపు చోట్ల చేరుతుంది. ఎప్పుడైనా అలాంటి హెచ్చరిక వినబడితే గాలి వీచే దారిలోనే పరుగెత్తకూడదు, దానికి అడ్డంగా పక్కకు వెళ్లాలి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. పల్లంలోకి దిగకూడదు. లేని రేడియేషన్ గురించి బస్సులో భయపడేకంటే ఈ నాలుగు ముక్కలూ ఇంట్లో పిల్లలకు చెప్పిపెట్టుకోవడం నయం కదూ!

అరువు తెచ్చుకున్న వెయ్యి టన్నులు

మన భారజలం అణు విద్యుత్ కేంద్రాలకు వెళుతుంది. అణువులు చీలినప్పుడు పుట్టే న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి దాన్ని వాడతారు. దక్షిణ కొరియాకు, అమెరికాకు కూడా మన దేశం అమ్మింది. అయితే భారజలానికి కరెంటుతో పనిలేని ఇంకో వాడకం ఉందని చాలామందికి తెలియదు. అది కెనడాలో జరిగింది.

న్యూట్రినో అనే కణం ఉంది. సూర్యుడిలోంచి ఎంత వస్తున్నాయో వింటే నమ్మబుద్ధి కాదు. మన బొటనవేలి గోరంత చోటులోంచి ప్రతి సెకనుకూ 6 వేల కోట్లకు పైగా దూసుకుపోతుంటాయి. మనకు తగలవు, నొప్పి పెట్టవు. భూమిలోంచి కూడా అవతలికి వెళ్లిపోతాయి. చుట్టం వచ్చి మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయినట్టు!

1960ల చివరి నుంచీ సూర్యుడి న్యూట్రినోలను లెక్కపెట్టిన ప్రతివారికీ లెక్క తక్కువే వచ్చేది. మొదటి ప్రయోగంలో అయితే రావాల్సినదాంట్లో మూడో వంతు. సూర్యుడి గురించి మన లెక్క తప్పా? లేక దారిలో ఏదైనా జరుగుతోందా? దీన్ని తేల్చడానికి కెనడాలో సడ్‌బరీ అనే ఊరి దగ్గర 2 కిలోమీటర్ల లోతు గనిలో 1,000 టన్నుల భారజలం నింపిన గోళం పెట్టారు. అంత భారజలం కొనే స్తోమత శాస్త్రవేత్తలకెక్కడిది? పక్కింట్లో కాఫీపొడి అడిగినట్టు అక్కడి అణుశక్తి సంస్థను అరువడిగి తెచ్చుకున్నారు. పనయ్యాక తిరిగి ఇచ్చేశారు. మన అశ్వాపురం ప్లాంటు పూర్తి సామర్థ్యంతో పనిచేసినా అంత తీయడానికి 5 ఏళ్లు దాటుతుంది.

2001, 2002లో ఫలితం వచ్చింది. న్యూట్రినోలు ఎక్కడా తగ్గలేదు. దారిలో ఒక రకం నుంచి ఇంకో రకానికి వేషం మారుస్తున్నాయి, అంతే. అలా మారాలంటే వాటికి ఎంతో కొంత బరువు ఉండి తీరాలి. అంతకుముందు చాలామంది వాటికసలు బరువే లేదనుకునేవారు. సడ్‌బరీ బృందానికి నాయకత్వం వహించిన ఆర్థర్ మెక్‌డొనాల్డ్, జపాన్‌లో ఇదే సంగతిని ఇంకో దారిలో చూపిన తకాకి కజిత 2015లో నోబెల్ పంచుకున్నారు.

బరువుందని తేలింది, బాగానే ఉంది. ఎంత? ఇక్కడ చిక్కొచ్చిపడింది. వేషం మార్చే తీరును బట్టి ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య తేడా మాత్రమే తెలుస్తుంది. “మా పెద్దమ్మాయి చిన్నదానికంటే 2 కిలోలు ఎక్కువ” అంటే ఎవరు ఎంతున్నారో ఏం తెలుస్తుంది? కాటా ఎక్కించాల్సిందే.

పద్దు కుదరలేదు

న్యూట్రినోను కాటా ఎక్కించడం కుదరదు, నిలబడితే కదా! మరెలా? దానికి వాడే పద్ధతి మనందరికీ తెలిసిందే. ఇంటి ఖర్చుల పద్దు. చేతిలో ఉన్నదెంత, ఖర్చయిందెంత, మిగిలిందెంత... తేడా వస్తే ఎవరో తీశారన్నమాట.

అసలు న్యూట్రినో ఉందన్న అనుమానమే ఇలా పద్దు కుదరకపోవడం వల్ల వచ్చింది. కొన్ని అణుకేంద్రకాలు వాటంతటవే ఒక ఎలక్ట్రాన్‌ను బయటకు విసిరేసి వేరే పదార్థంగా మారిపోతాయి. దీన్ని బీటా క్షయం అంటారు. మారకముందు కేంద్రకం శక్తి ఎంతో తెలుసు, మారాక ఎంతో తెలుసు. మధ్య తేడా అంతా ఎలక్ట్రాన్ పట్టుకుపోవాలి, అవునా? కానీ ప్రతి ఎలక్ట్రానూ ఒకేలా రావడం లేదు. ఒకటి ఎక్కువ శక్తితో, ఒకటి తక్కువతో, ఇంకొకటి మరీ నీరసంగా. మిగతా శక్తి ఏమైంది?

దీనిమీద ఏళ్ల తరబడి తల పట్టుకు కూర్చున్నవారిలో లీజ్ మైట్నర్ ఒకరు. 1878లో వియన్నాలో పుట్టింది. 1907లో బెర్లిన్‌కు వెళ్లింది. అక్కడి రసాయనశాస్త్ర సంస్థలో ఆడవాళ్లకు ప్రవేశం లేదు. బేస్‌మెంట్‌లో వడ్రంగి పని కోసం కట్టిన గది ఇచ్చి, పై అంతస్తుల్లోకి రాకూడదన్నారు. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా వీధిలోని రెస్టారెంట్‌కు పోవాల్సి వచ్చేదట. జీతం లేదు. ఆ గదిలోంచే ఆమె, ఓటో హాన్ కలిసి బీటా కిరణాలు కొలిచారు.

మైట్నర్ మొదట్లో ఏమనుకుందంటే, ఎలక్ట్రాన్‌లన్నీ ఒకే శక్తితో బయల్దేరతాయి, బయటికొచ్చే దారిలో కొంత పోగొట్టుకుంటాయి అని. అది నిజమైతే పోయిన శక్తి వేడి రూపంలో అక్కడే దొరకాలి. 1927లో ఇంగ్లండ్‌లో ఎల్లిస్, వూస్టర్ అనే ఇద్దరు ఆ వేడిని కొలిచారు. దొరకలేదు! మైట్నర్ వాదనకు ఇది పెద్ద దెబ్బ. ఇంకొకరైతే వాళ్ల కొలతలోనే లోపం ఉందని వాదనకు దిగేవారేమో. ఆమె ఇంకా మంచి పరికరం కట్టించి, ఓర్త్‌మన్ అనే సహచరుడితో కలిసి మళ్లీ కొలిచింది. వాళ్లదే నిజమని తేలింది. ఆ మాటే అచ్చులో చెప్పింది. శక్తి నిజంగానే మాయమవుతోంది!

నీల్స్ బోర్ అంతటివాడు, పోనీ శక్తి లెక్క అన్నిసార్లూ సరిపోవాలనే నియమాన్నే వదిలేద్దామా అన్నంత దూరం వెళ్లాడు. వోల్ఫ్‌గాంగ్ పౌలీకి అది నచ్చలేదు. 1930 డిసెంబర్ 4న ట్యూబింగెన్‌లో జరిగే సమావేశానికి ఒక ఉత్తరం రాశాడు. అందులో సంబోధనే చిత్రంగా ఉంటుంది... రేడియోధార్మిక స్త్రీ పురుషులారా అన్నట్టు మొదలుపెట్టాడు. మైట్నర్ ఆ సభలో ఉంది మరి! కంటికి కనబడని ఇంకో కణమేదో ఎలక్ట్రాన్‌తోపాటు బయటికి పోతూ మిగతా శక్తిని పట్టుకెళుతోందని ఆయన ఊహ. తను మాత్రం సమావేశానికి రాలేనన్నాడు. జూరిక్‌లో డాన్సు పార్టీ ఉందిట. అంత పెద్ద ఊహను పోస్టులో పంపి డాన్సుకు వెళ్లడం ఆయనకే చెల్లింది.

ఆ కణానికి న్యూట్రినో అని పేరు స్థిరపరిచింది ఎన్‌రికో ఫెర్మీ. నిజంగా పట్టుకున్నది 1956లో. అప్పటికి మైట్నర్ జర్మనీ విడిచి 18 ఏళ్లు. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1938లో దేశం దాటి పారిపోవాల్సి వచ్చింది. కేంద్రకం చీలుతుందని వివరించింది ఆమె, ఆమె మేనల్లుడు ఫ్రిష్. 1944 నోబెల్ మాత్రం హాన్ ఒక్కడికే దక్కింది.

పలచగా, అట్టు పోసినట్టు

ఫెర్మీ 1934లో బీటా క్షయానికి ఒక సిద్ధాంతం రాశాడు. ఏ శక్తితో ఎన్ని ఎలక్ట్రాన్‌లు రావాలో అందులో లెక్క ఉంది. కానీ ప్రయోగాల్లో నీరసపు ఎలక్ట్రాన్‌లు లెక్కకంటే ఎక్కువ వస్తుండేవి. సిద్ధాంతమే తప్పన్నారు కొందరు.

చియెన్ షియుంగ్ వూ అలా అనుకోలేదు. 1912లో చైనాలో షాంఘై దగ్గరి చిన్న ఊళ్లో పుట్టిన అమ్మాయి. ఆడపిల్లల చదువుకోసం ఆమె తండ్రి సొంతంగా బడి పెట్టాడు. 1936లో అమెరికా చదువుకు ఓడెక్కింది. తర్వాత యుద్ధాలు, విప్లవం... కన్నవాళ్లను మళ్లీ చూడలేకపోయింది.

న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆమె గమనించిందేంటంటే, పదార్థం పూత మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటే ఎలక్ట్రాన్‌లు దాన్ని దాటుకుని వచ్చేలోపే అలిసిపోతున్నాయి. లోపం సిద్ధాంతంలో కాదు, పూతలో ఉంది. రాగి కలిపిన ద్రావణాన్ని సమంగా, అతి పలచగా పరచాలి. అది బొట్లు బొట్లుగా ముద్దకడుతుంటే అందులో కొంచెం డిటర్జెంటు కలిపింది. జిడ్డు పళ్లెం మీద ముడుచుకుపోయే నీళ్లు సబ్బు తగలగానే పరుచుకోవడం రోజూ చూసేదే కదా! పలచని పొర వచ్చింది. 1949లో ఆల్బర్ట్ అనే సహచరుడితో కలిసి ప్రచురించిన కొలతలు ఫెర్మీ లెక్కతో సరిపోయాయి.

వూ తర్వాత ఇంతకంటే పెద్ద ప్రయోగమే చేసింది. దాని ఆధారంగా 1957లో నోబెల్ వచ్చింది, ఆ ఊహ చేసిన ఇద్దరు మగవాళ్లకు. నోబెల్ కమిటీవారికి ఈ విషయంలో చూపు కొంచెం మందమేనని మైట్నర్ సంగతి చూసినా తెలుస్తుంది.

18,592 రూపాయల పంపకం

ఇప్పుడు మూడో చెల్లెలు ట్రిటియం దగ్గరికి వద్దాం. రియాక్టర్‌లో వాడిన భారజలంలో ఇది కొంచెం కొంచెంగా పుడుతుంది. దీనికి రేడియోధార్మికత ఉంది. 12.3 ఏళ్లలో సగం మాయమవుతుంది. పాప పుట్టిననాడు గ్రాము దాస్తే ఏడో తరగతికి వచ్చేసరికి అరగ్రాము మిగులుతుందన్నమాట. పోయిన సగం హీలియంగా మారిపోతుంది. అలా మారేటప్పుడు ఒక ఎలక్ట్రాన్, ఒక న్యూట్రినో బయటికి పోతాయి. ఆ ఇద్దరూ పంచుకునే శక్తి 18,592 ఎలక్ట్రాన్ వోల్టులు.

ఎలక్ట్రాన్ వోల్టు అంటే కంగారు పడకండి. టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులది. అది ఒక్క ఎలక్ట్రాన్‌ను తోస్తే దానికి చేరే శక్తి 1.5 ఎలక్ట్రాన్ వోల్టులు, అంతే. మన సులువు కోసం ఒక ఎలక్ట్రాన్ వోల్టును ఒక రూపాయి అనుకుందాం.

18,592 రూపాయలు అక్కా చెల్లెలూ పంచుకోవాలి. ప్రతిసారీ పంపకం వేరు. అక్క, అంటే ఎలక్ట్రాన్, మూట విప్పి చూపిస్తుంది. చెల్లెలు న్యూట్రినో ఎవరికీ చిక్కకుండా వెళ్లిపోతుంది. చెల్లెలికి సొంత బరువంటూ ఏమీ లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు మొత్తం డబ్బూ అక్కకే వచ్చేయవచ్చు. బరువుంటే? ఎంత ఉదారంగా ఇచ్చేసినా తన బస్సు చార్జీ ఉంచుకోవాల్సిందే. ఆ బస్సు చార్జీయే న్యూట్రినో బరువు. ఐన్‌స్టీన్ చెప్పినట్టు బరువంటే దాచిపెట్టిన శక్తే కదా! కాబట్టి అక్కకు అన్నిటికంటే ఎక్కువ వచ్చిన సందర్భాలు వెతికి, మొత్తానికి ఎంత తక్కువైందో చూస్తే సరిపోతుంది.

వినడానికి తేలిక. అయితే అక్కకు చివరి ఒక్క రూపాయి లోపల వచ్చే పంపకాలు ఎన్నో తెలుసా? 5 లక్షల కోట్లకు ఒకటి! మొత్తం ఎంతో కూడా పైసలతో సహా తెలిసుండాలి. రూపాయి తేడా వెతికేవాడికి జేబులో మొదట ఎంతుందో అటూ ఇటూగా తెలిస్తే ఏం లాభం?

తొందరపడినవాళ్లూ ఉన్నారు. 1980లో మాస్కోలో ఒక బృందం న్యూట్రినో బరువు దాదాపు 30 రూపాయలని ప్రకటించింది. ప్రపంచమంతా గగ్గోలు. మిగతా దేశాల్లో కొలిచి చూస్తే నిలబడలేదు. వాళ్లు ట్రిటియాన్ని ఒక సేంద్రియ పదార్థంలో ఇమిడ్చి పూతగా వాడారు. పూత సంగతి వూ ఎప్పుడో చెప్పింది...

ఏరు దాటి, సముద్రం చుట్టి

ప్రస్తుతం ఈ తూకానికి ప్రపంచంలో పెద్ద కాటా జర్మనీలోని కార్ల్స్‌రూహేలో ఉంది. పేరు కాట్రిన్. కార్ల్స్‌రూహే, ట్రిటియం, న్యూట్రినో మూడు పేర్లూ కలిపి కుదించారు. మొత్తం పొడవు 70 మీటర్లు. అందులో ముఖ్యమైనది 23 మీటర్ల పొడవు, 10 మీటర్ల వ్యాసం ఉన్న స్టీలు ట్యాంకు. బరువు 200 టన్నులు.

దీన్ని తయారుచేసిన డెగ్గెన్‌డార్ఫ్ కూడా జర్మనీలోనే. మధ్య దూరం 400 కిలోమీటర్లు. కానీ అంత లావు వస్తువు ఏ రోడ్డు మీదా పట్టదు. దాంతో పడవెక్కించారు. డాన్యూబ్ నది మీదుగా నల్ల సముద్రం, అక్కణ్నుంచి మధ్యధరా, అట్లాంటిక్, చివరికి రైన్ నది. ఇంచుమించు 9,000 కిలోమీటర్లు! 2006 నవంబర్‌లో చివరి కొన్ని కిలోమీటర్లు ఊరి వీధుల్లోంచి లాక్కొస్తుంటే జనం మన రథోత్సవానికి వచ్చినట్టు వచ్చారు. ఇళ్ల గోడలకూ ట్యాంకుకూ మధ్య జానెడు జాగా కూడా లేని చోట్లున్నాయి.

ట్యాంకు చేసే పని అర్థం కావాలంటే భద్రాచలం నుంచి రాజమండ్రి వెళ్లే దారిలో మారేడుమిల్లి ఘాట్ గుర్తు తెచ్చుకోండి. ఇంజన్‌లో దమ్మున్న బండే పైకెక్కుతుంది, లేనిది వెనక్కి జారుతుంది. ఈ ట్యాంకులో విద్యుత్‌తో అలాంటి ఘాట్ కడతారు. దాదాపు 18,600 వోల్టుల ఎత్తు. ట్రిటియం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్‌లలో బాగా బలమున్నవే దాటి అవతల లెక్కకు వస్తాయి. ఘాట్ ఎత్తు కాస్త కాస్త మారుస్తూ ఎన్ని దాటాయో చూస్తారు. ట్రిటియాన్ని ఎక్కడా పూయరు, గ్యాసుగానే పారిస్తారు. పూతతో వచ్చే తంటా లేదు.

2019లో కాట్రిన్ మొదటి ఫలితం చెప్పింది. న్యూట్రినో బరువు రూపాయి 10 పైసలకంటే ఎక్కువ కాదు. 2022లో 80 పైసలకు దిగింది. 2025 ఏప్రిల్‌లో 45 పైసలన్నారు. అంతకంటే ఎక్కువ ఉండదని మాత్రమే దీని అర్థం, సరిగ్గా ఎంతో ఇంకా తెలియదు. మన టార్చిలైటు సెల్లు ఒక ఎలక్ట్రాన్‌కు ఇచ్చే శక్తిలో మూడో వంతు కూడా లేదు! కణాల్లో తేలికైనదని మనం చెప్పుకునే ఎలక్ట్రాన్ బరువులో 11 లక్షల వంతుకంటే తక్కువ. 2025 చివరివరకూ 1,000 రోజుల కొలతలు పూర్తిచేయాలని ఆ బృందం పెట్టుకుంది. బృందానికి నాయకత్వం వహించిన ఇద్దరిలో ఒకరు కాత్రిన్ వలేరియస్ అనే మహిళ. ప్రయోగం పేరూ ఆమె పేరూ కలవడం కాకతాళీయమే. ఫలితాల విశ్లేషణలోనూ, తర్వాత రాబోయే కొత్త డిటెక్టర్‌లోనూ ముందున్న సూజానే మెర్టెన్స్ కూడా మహిళే. వీళ్లెవరూ బేస్‌మెంట్‌లో వడ్రంగి గదిలో కూర్చోవాల్సిన పనిలేదు.

మొత్తం డబ్బు ఎంతో చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ట్రిటియం, హీలియం కేంద్రకాలను అయస్కాంతాల మధ్య బంధించి, అవి ఎంత వేగంగా గిరగిరా తిరుగుతున్నాయో చూసి బరువుల్లో తేడా కనిపెడతారు. బరువుంటే నెమ్మదిగా తిరుగుతుంది, తేలికైతే జోరుగా. అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2015లో ఇలా కొలిచి 18,592 రూపాయల 1 పైసా అన్నారు. పొరపాటుంటే 7 పైసలు అటూ ఇటూ!

మొత్తం సొమ్ము ఎంత తక్కువైతే పోయిన చిల్లర అంత స్పష్టంగా తెలుస్తుంది. సంతకు 100 రూపాయలు పట్టుకెళ్లినప్పుడు 50 పైసలు తగ్గితే కనిపెడతాం. 20 వేలు పట్టుకెళ్లినప్పుడు ఎవరు చూడొచ్చారు? అందుకే కొందరు హోల్మియం అనే లోహాన్ని పట్టుకున్నారు. దానిలో పంచుకునేది 2,863 రూపాయలే. 2024లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఈ లెక్కను 60 పైసల తేడాలోపల తేల్చారు. ఇండియం అనే లోహంలో ఇంకో దారి ఉంది. అందులో పంపకం సొమ్ము సుమారు 150 రూపాయలే. 2009లో ఫిన్లండ్, అమెరికా ప్రయోగశాలలు దీన్ని కొలిచాయి. కానీ ఇండియం అసలు మారడమే అపురూపం, మారినా పది లక్షల్లో ఒకటే ఈ దారిన పోతుంది. దాన్ని నమ్ముకుని కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇంతా చేసి ఈ 45 పైసలతో ఎవరికేం పని అంటారా? విశ్వంలో న్యూట్రినోలు లెక్కకు మించి ఉన్నాయి. ఒక్కోదాని బరువు ఎంత తక్కువైనా అన్నీ కలిస్తే నక్షత్ర మండలాలు ఎలా గుమిగూడాయన్న లెక్కే మారుతుంది. ఇప్పప్పువ్వు ఒక్కొక్కటి అరచేతిలో బరువే తెలియదు, సాయంత్రానికి గంపెత్తాలంటే ఇద్దరు కావాలి.

మన దేశానికీ ఈ కథలో వాటా ఉంది. ఆకాశం నుంచి పడే కిరణాల వల్ల గాలిలో పుట్టే న్యూట్రినోలను మొదట పట్టుకున్న చోట్లలో కోలారు బంగారు గని ఒకటి. తెలుగు, తమిళ కూలీల చెమటతో తవ్విన ఆ గనిలో 2 కిలోమీటర్లకు పైగా లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండ్ వారితో కలిసి 1965లో ఆ పని చేశారు. 2001లో గని మూతపడింది.

మళ్లీ అశ్వాపురం దగ్గరికి వస్తే, అక్కడిప్పుడు ఇంకో రకం బరువు నీళ్లు కూడా తీస్తున్నారు. ఇందులో హైడ్రోజన్ మామూలుదే, ఆక్సిజన్ బరువుది. దాని పేరు ఆక్సిజన్-18. ఈ నీటిని ఆస్పత్రులకు మందు తయారుచేసేవాళ్లు ఫ్లోరిన్-18గా మారుస్తారు. క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ పాకిందో చూసే పెట్ స్కాన్‌కు ముందు సూదితో ఎక్కించేది అదే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి ఈ పేరు తెలిసే ఉంటుంది. 110 నిమిషాలకు ఫ్లోరిన్-18 సగమైపోతుంది. అలా మారే దాదాపు ప్రతి అణువులోంచీ పాజిట్రాన్ అనే కణంతోపాటు ఒక న్యూట్రినో బయటికి వెళుతుంది. సగటున సగానికి పైగా శక్తి న్యూట్రినోయే పట్టుకుపోతుంది. పాజిట్రాన్ అక్కడే ఒంట్లో ఆగిపోయి గామా కిరణాలుగా మారుతుంది. స్కాన్ యంత్రం చూసేది ఆ కిరణాలనే. స్కాన్ అయ్యాక కొన్ని గంటలపాటు పసిపిల్లలను ఎత్తుకోవద్దనీ, గర్భిణులకు దగ్గరగా కూర్చోవద్దనీ, నీళ్లు బాగా తాగమనీ చెప్పేది కూడా ఈ గామా కిరణాల వల్లే. న్యూట్రినో మాత్రం ఆ గదిగోడలు దాటి, భూమి దాటి వెళ్లిపోతుంది.